బండ కింది సీసా

ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు, స్వరూప కాలు ఒకచోట నిలవదని. పాలకుర్తికి దగ్గరలో ఉన్న మా ఊళ్లో పెళ్లయి వచ్చినప్పటి నుంచి జాకెట్లు కుడుతున్నాను. కాలు మిషన్ తొక్కుతుంటుంది, నోరు వచ్చినవాళ్లతో ముచ్చట పెడుతుంటుంది, ఒక కన్ను పొయ్యి మీది పప్పును చూస్తుంటుంది. అలాంటి నన్ను ఈ జబ్బు ఏడాదికి పైగా ఆస్పత్రి బెంచీల మీద కూర్చోబెట్టింది. ఇప్పుడు కొంత తెరిపి దొరికింది కాబట్టి రాస్తున్నాను. రాస్తే మనసు కుదుటపడుతుందని కొంత, చదివినవాళ్లలో ఒక్కరైనా నేను అడగని మాట అడుగుతారని కొంత. ఆ మాట ముందే చెప్పేస్తాను, దాచి దాచి చెప్పే ఓపిక నాకు లేదు. ఒంట్లోంచి ఏది కోసి తీసినా, దాన్ని పరీక్షకు పంపారా, రిపోర్టు వచ్చిందా అని అడగండి. మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. మేం దాన్ని భూమికిచ్చేశాం.

పోయిన ఏడాది, ఎండాకాలం

పెళ్లిళ్లు జోరుగా ఉన్న రోజులు. పెళ్లివారింట్లో తిన్న ప్రతిసారీ కుడి డొక్క కింద పట్టేసినట్టు నొప్పి. ఊరి ఆర్ఎంపీ గ్యాస్ బిళ్లలిచ్చాడు. మా అత్త నర్సవ్వ వాము నమలమంది. "మటన్ మీద మనసు, మిషన్ మీద కూసునుడు. అరుగుమంటె ఏడ అరుగుతది?" అని ఎత్తిపొడిచింది. మా అత్తకు నాకు పెద్దగా పడదు, అట్లని పడకపోవడమూ లేదు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు గట్టి మనుషులు ఉంటే ఎట్లుంటుందో అట్లుంటుంది. మా ఆయన యాదగిరి భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర డంపర్ నడుపుతాడు, సెలవు దొరికితేనే ఇంటికొస్తాడు. పిల్లలిద్దరూ హన్మకొండ హాస్టళ్లలో ఉంటారు. కాబట్టి ఇంట్లో మిగిలేది మేమిద్దరమే, మా మాటల యుద్ధమే.

ఒకరోజు నొప్పి డొక్కలోంచి వీపుకు, వీపులోంచి భుజానికి పాకి, మిషన్ మీదే వాంతి చేసుకున్నాను. పెళ్లికూతురి పట్టు జాకెట్ పాడైంది. అప్పుడు గాని జనగామ వెళ్లి స్కాన్ తీయించుకోలేదు. పిత్తాశయం నిండా రాళ్లున్నాయన్నారు.

ఆషాఢం

జనగామలోనే చిన్న ఆస్పత్రిలో ఆపరేషన్. చిన్న చిన్న బొక్కలు పెట్టి తీసేస్తారని, నాలుగు రోజుల్లో లేచి తిరుగుతావని చెప్పారు. నాకు కావాల్సిందీ అదే. తీసిన తర్వాత నర్సు మా ఆయన చేతికి రెండు సీసాలిచ్చింది. చిన్నదాంట్లో రాళ్లు, చింతగింజలంతవి, నల్లగా. పెద్ద ప్లాస్టిక్ సీసాలో ఘాటు మందులో మునిగిన పిత్తాశయం. చిన్నది మీరుంచుకోండి, పెద్దది కింద లాబ్‌లో ఇవ్వండి, అక్కడి నుంచి వరంగల్ పంపుతారు అని చెప్పింది. అంతలో భూపాలపల్లి నుంచి డ్యూటీకి రమ్మని ఫోన్ మీద ఫోన్. ఆయన రెండు సీసాలూ ఒక సంచిలో వేసి వాళ్లమ్మ చేతికిచ్చి మందుల కోసం పరుగెత్తాడు, అటునుంచి అటే బస్సెక్కాడు. పెద్ద సీసాను లాబ్‌లో ఇవ్వమని చెప్పానని ఆయన అంటాడు. వాడు నాకేం చెప్పలేదని మా అత్త అంటుంది. ఆ పంచాయితీ నేటికీ తెగలేదు.

మా అత్తకు ఎవరైనా చెప్పాల్సిన అవసరం కూడా కనిపించలేదు. మా పిల్లలు పుట్టినప్పుడు ఆస్పత్రి వాళ్లు మాయను ఒక కవర్లో పెట్టి ఇస్తే, తీసుకొచ్చి పెరట్లో ఎవరూ తొక్కని మూలన పాతిపెట్టింది ఆమే. బతికున్న మనిషి ఒంట్లోంచి ఊడిన ముక్క కుక్క నోట్లోనో నక్క నోట్లోనో పడితే ఆ మనిషి కోలుకోదని ఆమె నమ్మకం. ఆస్పత్రి వాళ్లు సీసా చేతికిచ్చారంటే అందుకే ఇచ్చారనుకుంది.

నాకు ఇవేవీ తెలియవు. మత్తు వదిలిన మర్నాడే మా అమ్మ వచ్చి నన్ను మహబూబాబాద్ తీసుకెళ్లింది. "అత్తగారింట్ల ఉంటె మిషనెక్కుతవ్ నువ్వు, నాకెర్క లేదా" అని. కుట్లు అక్కడే విప్పించుకున్నాను. రాళ్ల సీసా మాత్రం అత్త నా చేతికిచ్చింది, అది నా వెంటే ఉంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ దాన్ని గలగలలాడించి చూపించాను. నగ చేయించుకున్నదానిలా మురిసిపోయాను. మా అమ్మ పక్కింటావిడ "అబ్బ, గిన్ని రాళ్లు మోసినవా బిడ్డా" అంటే, ఏదో గెలిచినట్టు నవ్వాను కూడా.

బతుకమ్మకు ముందు

తిరిగి ఊరికొచ్చేసరికి బతుకమ్మ జాకెట్ల గుట్ట నా కోసం ఎదురుచూస్తోంది. నా జాకెట్లే నాకు వదులయ్యాయి. ఆపరేషన్ తర్వాత తిండి తగ్గింది కదా అనుకుని రెండు పక్కలా కుట్టు లోపలికి వేసుకున్నాను. లైనింగ్ గుడ్డ, దారాలు కొందామని జనగామ వెళ్లినదాన్ని, బొడ్డు దగ్గరి కుట్టు దురద పెడుతోందని, దారిలోనే ఉంది కదా అని ఆస్పత్రిలోకి అడుగుపెట్టాను.

ఆపరేషన్ చేసిన డాక్టరు సారు కుట్టు చూసి, ఏం లేదు అన్నాడు. ఆ తర్వాత చేయి చాచాడు.

"బయాప్సీ రిపోర్ట్ తెచ్చిండ్రా?"

"ఏం రిపోర్ట్ సార్?"

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "తీసిన పిత్తాశయాన్ని పెద్ద సీసల మందుల ముంచి మీ ఆయనకిచ్చినం, పరీక్షకు పంపుమన్నంగద. మీ ఆయన నంబరుకు మావోళ్లు శాన సార్లు ఫోన్ చేశిండ్రు, కలువలే. లాబోళ్లు మాకు సీసానే రాలేదన్నరు."

గనిలో ఉన్నప్పుడు మా ఆయన ఫోన్ ఎప్పుడూ కలవదు. "ఎందుకు సార్, గంత అవసరమా?" అన్నాను.

"గోడ ఒకచోట మందంగ అనిపిచ్చింది నాకు. ఏం లేకపోవచ్చు. కానీ చూడకుంట చెప్పలేను. ఏడ ఉన్నదో జల్ది దొర్కవట్టుండ్రి."

లైనింగ్ గుడ్డ సంచి అక్కడే బెంచీ మీద మర్చిపోయాను. ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, దవాఖాన్ల పెద్ద సీస ఒకటిచ్చిండ్రు, గదేడున్నది?"

"ఏ సీస?"

"మందుల మునిగి ఉండె, నా కడుపులకెల్లి తీసింది."

"ఓ, గదా. భూమికిచ్చిన బిడ్డా. పిల్లగాండ్ల మాయలు వెట్టిన జాగల్నే వెట్టిన. నువ్వు రంది వడకు."

ఆటోలో కూర్చున్నాను గాని కూర్చున్నట్టు లేదు. పాలకుర్తి దాకా ముందు సీటు ఇనుప కమ్మీ పట్టుకుని లేస్తూ కూర్చుంటూనే ఉన్నాను. సీసాలోంచి తీసి పాతిందా, సీసాతోనే పాతిందా అని అడగలేదన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఇంటికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. పెరటి మూలన బట్టలు ఉతికే పాత బండ ఒకటి కనిపించింది. అది అంతకుముందు అక్కడ లేదు. కుక్కలు తవ్వకుండా మా అత్తే దొర్లించుకొచ్చి పైన పెట్టింది.

"సీస మూత తీశినవా అత్తా?" అన్నాను.

"తీద్దమనే చూశిన. మూత తిప్పంగనే కండ్లు మండినయ్, ముక్కు మండింది. గట్లనే బిగిచ్చి, పసుపు గుడ్డ చుట్టి వెట్టిన. ఏందే, గట్ల చూస్తన్నవ్?"

విషయం చెప్పాను. క్యాన్సర్ అనే మాట డాక్టరు అనలేదు, నేనూ అనలేదు. అయినా ఆ మాట మా ఇద్దరి మధ్యలో వచ్చి నిలబడింది. నేను గడ్డపార అందుకోబోతే లాక్కుంది. "కుట్లు పిగులుతయ్, పక్కకు జరుగు." అరవై దాటిన మనిషి బండ కింద గడ్డపార పెట్టి ఒక్క తోపు తోసింది. నేను పక్కన నిలబడి, కొద్దిగా ఇటు, గట్టిగా వద్దు, సీసాకు తగుల్తది అని పెత్తనం చేస్తూనే ఉన్నాను. పార వేయబోయేముందు ఆమె ఆగి, నేల మీద అరచేయి పెట్టింది.

"ఇచ్చినదాన్ని మల్ల అడుగుతున్న తల్లీ. కోపం జెయ్యకు."

నాకు కోపం, భయం, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి. మట్టిలోంచి పసుపు గుడ్డ కనిపించినప్పుడు ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. మూత బిగిసే ఉంది. మందు పోలేదు. లోపల ముక్క ఎట్లుందో అట్లే ఉంది. నేను సీసాను కొంగులో చుట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్తుంటే వెనక నుంచి కేకేసింది.

"ఆగు, గుంతను వట్టిగ ఇడువద్దు. తవ్విన గుంత ఖాళీగుంటె మనిషిని అడుగుతది. ఏదన్న వెట్టి పూడుద్దాం, ఆగే."

"తర్వాత చూద్దాం అత్తా!" అని నేను ఆగలేదు.

లాబ్‌లో కుర్చీలో ఉన్న ఆమె సీసాకు అంటిన మట్టిని చూసి, ఇన్ని రోజులు ఎక్కడ పెట్టారమ్మా అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సీసాను తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూసి, "మందుల మునిగే ఉన్నది గద అక్కా, ఏంగాలే. మీ అత్త మూత తీయకపోవుడే మంచిగైంది" అంది. ఆ మాట కోసం ఆమెకు ఈరోజుకీ దండం పెడతాను.

మర్నాడు పొద్దున్నే మా ఆయన భూపాలపల్లి నుంచి దిగాడు. దిగీ దిగగానే వాళ్లమ్మ మీద విరుచుకుపడ్డాడు. "సదువుకోని మనిషి చేతిల వెట్టుడు నాదే తప్పు" అన్నాడు. నాతో వాదించినప్పుడు ఊరంతా వినబడే ఆమె గొంతు, కొడుకు ముందు లోపలికి పోయింది. రెండు పూటలు వాళ్లమ్మ వడ్డించిన అన్నం ముట్టలేదు ఆయన. నిజం చెప్పొద్దూ, నాకూ ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. అయితే ఆయన అరుస్తుంటే మాత్రం వినలేకపోయాను. సంచి చేతికిచ్చి బస్సెక్కినవాడు కూడా ఈ ఇంటివాడే కదా.

రిపోర్టు వచ్చేదాకా నేను కుట్టిన జాకెట్లు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకరి చేతులు ఇంకొకరి జాకెట్టుకు పెట్టాను. కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం. ఒకావిడ, "ఏంది స్వరూపక్కా, మెడ గింత లోతు వెట్టినవ్, నాకేమన్న పెండ్లా?" అంది. గుమ్మం దాకా నడిచి తిరిగి రావడం, మళ్లీ నడవడం. మా అత్త ఆ ఖాళీ గుంత మీద ఒక గంప బోర్లించింది. మనిషి మాత్రం దాని చుట్టూ తిరుగుతూనే ఉంది.

రిపోర్టు వచ్చిన రోజు ముగ్గురం వెళ్లాం. మా ఆయన వద్దంటున్నా మా అత్త బలవంతంగా ఆటో ఎక్కింది. డాక్టరు సారు మెల్లగానే చెప్పాడు. క్యాన్సరే. ఆ గది గోడకు పాప బొమ్మ క్యాలెండర్ ఉంది. నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను.

"బతుకుతనా సార్?" అన్నాను. నాకు ఇంకేం అడగాలో తెలియలేదు.

"గదొక్క మాటల చెప్పలేనమ్మా. ఎంత లోతుకు పోయిందన్నది చూస్తం. నీది గోడ కండ దాటి బయటి పొర దాక వచ్చింది, దాన్ని దాటలే. పక్కన గ్రంథులకు చేరిందా అన్నది ఇంక తెల్వదు. పిత్తాశయానికి అంటుకొని ఉన్న కార్జం ముక్క, గా గ్రంథులు తియ్యాలె, మల్ల ఆపరేషన్. దాంట్ల ఏం మిగలకుంట తీసుడే అసలు పని. ఇప్పటికే ఆలస్యమైంది, ఇగ ఆలస్యం జెయ్యొద్దు. హైదరాబాద్ పోవాలె."

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ మా అత్త నోరు విప్పింది. "మొదలు తీశినప్పుడు చేదు పగిలిందా సారూ?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. మా ఇళ్లల్లో మేకను కోసినప్పుడు చేదు తిత్తి, అదే పిత్తాశయం, పగిలితే కార్జం, అంటే కాలేయం, అంతా చేదెక్కి పాడవుతుంది. అందుకే ఆ తిత్తిని ఎవరికి పడితే వాళ్ల చేతికివ్వరు. ఆమెకు తెలిసిన లెక్క అది.

"మంచి మాట అడిగినవ్ అవ్వా. పగిలితే లోపల చెదిరి పడి ఇంక కష్టమయితుండె. పగలలే. గోడ మీద నాకు అనుమానమొచ్చింది కాబట్టి లోపల్నే సంచిల వెట్టి, సంచితోనే బయటికి తీశిన."

మా అత్త చేతులు జోడించింది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నాకు పడుకున్నా లేచినా ఆ మాటలే. ఎంత లోతు, ఎక్కడిదాకా, ఏం మిగులుతుంది, ఎంత ఆలస్యమైంది. నేను బతకడమా, పోవడమా అన్నది ఈ మాటల మీద నిలబడింది. వాటిలో ఒక్కటీ నా చేతిలో లేదు. ఆలస్యం ఒక్కటే మా చేతుల్లో ఉండేది, దాన్ని మేం బండ కింద పెట్టాం.

దసరా తర్వాత

హైదరాబాద్ పెద్దాస్పత్రి హాల్లో కూర్చోవడానికి చోటు దొరికితే అదే పండుగ. నాకు చోటు దొరికినా కూర్చోలేను. కాపలా మనిషి, "అమ్మా, నీకు నెంబరొస్తె పిలుస్తరు, గిట్ల దిరిగితె ముందు పిలువరు" అని ఊరికే విసుక్కునేవాడు. అక్కడే ద్వాలి పరిచయమైంది. మహబూబాబాద్ దగ్గర ఒక తండా ఆమెది, నా వయసే ఉంటుంది. కొడుకుతో వాళ్ల భాషలో, నాతో తెలుగులో మాట్లాడేది. ఆమె కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నాకొచ్చిన జబ్బే. నొప్పి రాలేదట. ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం, కామెర్లనుకుని పసరు మందు తాగారట. ఆ లోపే అది కార్జంలోకి పోయింది.

"నాకు కోత లేదంట అక్కా. కోసినా లాభం లేదంట. నీకు కోస్తమన్నరా? నువ్వు బతికినట్టే ఇగ" అంది. ఆ మాటలో నాకు అసూయ వినబడలేదు. నాకే సిగ్గేసింది. ఇద్దరివీ ఒకే రకం కడుపులు. నా రాళ్లు నన్ను సతాయించాయి, ఆమెను మొదట్లో ఏదీ సతాయించలేదు. తేడా అంతే.

ఆపరేషన్ రోజు పొద్దున జుట్టును రెండు జడలుగా వేసుకుని రమ్మన్నారు. నా చేతుల్లో పాయ నిలవడం లేదు. మా అత్త ఊళ్లో ఉంది, మా ఆయనకు జడ వేయడం రాదు. ద్వాలి తన వంతు వదిలేసి వచ్చి, నా వెనక కూర్చుని, నూనె రాసి, బిగుతుగా రెండు జడలు వేసింది. "మా తండల పెండ్లిపిల్లకు గిట్లనే ఏస్తం" అని నవ్వింది. స్ట్రెచర్ మీద పడుకున్నప్పుడు ఆ జడల బిగుతు ఒక్కటే నాకు తోడు.

ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి పెద్దగా చెప్పను. డొక్క కింద అడ్డంగా కోత, దగ్గు వస్తే ప్రాణం పోయినంత పని. ముక్కులో గొట్టం, పక్కన గొట్టం. నన్ను కట్టేసినట్టుంది. పక్క దిగనివ్వండి అని నర్సులను వేధించాను. చివరికి నడవమని వాళ్లే చెప్పిన రోజున రెండడుగులు వేయలేక ఏడ్చాను.

ఊరి నుంచి మా అత్త రోజూ ఫోన్ చేసేది. ఎట్లున్నవని అడిగేది, ఆ వెంటనే ఒకటే మాట. "కోశిన ముక్క ఇచ్చిండ్రా? అడగరాదు, యాదగిరికి చెప్పు. గుంత వట్టిగున్నది." మా ఆయన ఫోన్ లాక్కుని కోప్పడేవాడు. "అవ్వా, మల్ల మొదలువెట్టినవా! గది లాబ్‌కు పోయింది, ఇయ్యరు." ఆమె ఊరుకునేది కాదు. మర్నాడు మళ్లీ అదే మాట. నాకు చిరాకొచ్చేది. ఆ చిరాకులోనే, మన కోసం నిద్ర మానుకుని తిరిగే మనిషి ఒకరున్నారన్న ధైర్యమూ ఉండేది.

ఆ ముక్కల రిపోర్టు వచ్చింది. తీసిన గ్రంథుల్లో ఏమీ లేదు. కార్జం ముక్క అంచు కూడా శుభ్రంగా ఉంది. పెద్ద డాక్టరమ్మ ఆ కాగితం చూసి మొదటిసారి నా భుజం మీద చేయి వేసింది. "ఇది చాలా మంచి మాట. అయినా ఇప్పుడే పండుగ చేసుకోవద్దు" అంది.

చలికాలం నుంచి ఎండాకాలం దాకా

ముందు జాగ్రత్తకు నెలల తరబడి బిళ్లలు. వాటితో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొరలు పొరలుగా ఊడాయి. సూది పట్టుకుంటే నిప్పు పట్టుకున్నట్టే. మిషన్ మీద దుప్పటి కప్పేశారు. నా చేతుల్లోంచి పని పోయాక నేనేమిటో నాకే తెలియలేదు. అందరి మీదా అరిచాను. ఫోన్ చేసిన పిల్లల మీద కూడా. మా అత్త వెన్నపూస తెచ్చి నా అరచేతులకు రాస్తూ, నేను తిడుతుంటే వినేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నువ్వు గా సీస పాతిపెట్టకుంటె గిట్లయితుండెనా అత్తా?"

ఆమె చేయి ఆగింది. "గా ముచ్చట నేను దినాం అడుక్కుంటనే ఉన్న బిడ్డా. జవాబు దొరుకుతలేదు." మళ్లీ రాయడం మొదలుపెట్టింది. నేను చేయి వెనక్కి తీసుకోలేదు.

డాక్టరమ్మను అడిగితే, ఆ ఆలస్యం నీకు చెడు చేసినట్టు కనబడటం లేదు, చేసి ఉండొచ్చు కూడా, దాన్ని తలచుకుంటూ కూర్చోకు అంది. తలచుకోకుండా ఉండటం ఎట్లాగో మాత్రం చెప్పలేదు.

మామిడికాయలు వచ్చే రోజుల్లో ద్వాలి నంబరుకు ఫోన్ చేశాను. కొడుకు ఎత్తాడు. "అమ్మ పోయింది పెద్దమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం మా అత్తను పిలిచి నా వెనక కూర్చోబెట్టుకుని రెండు జడలు వేయించుకున్నాను.

ఈ వానలకు

మొన్న తీసిన స్కాన్‌లో ఏమీ లేదు. మళ్లీ కొన్ని నెలలకు రావాలి, ఆ తర్వాత మళ్లీ. ఇంకో ఏడాది రెండేళ్లు గట్టిగా కనిపెట్టుకుని ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. పోయిందని ఎవరూ అనరు, కనబడటం లేదంటారు. ఆ రెండు మాటల మధ్యలోనే నా బతుకు ఇప్పుడు. స్కాన్ దగ్గరపడితే పప్పు మాడుతుంది, దారం తెగుతుంది, మా ఆయన ఫోన్ చేస్తే గొడవవుతుంది. మిషన్ మాత్రం మళ్లీ ఎక్కాను. జాకెట్టుకు లోపలికి వేసుకున్న కుట్లు ఒకవైపు విప్పాను. రెండో వైపు విప్పడానికి ఇంకా చేయి రావడం లేదు.

స్కాన్ నుంచి ఇంటికొచ్చేసరికి మా అత్త పెరట్లో ఉంది. గంప తీసి, ఆ గుంతలో నిలిచిన వాన నీళ్లు చెంబుతో తోడుతోంది. ఏడాది నుంచి ఇదే పని. పూడ్చనివ్వదు, ఊరికే వదలదు. కాగితంలో ఏముందని నన్ను అడగలేదు. నా ముఖంలో వెతుక్కుంది.

"ఏం లేదంట అత్తా" అన్నాను.

చెంబు కింద పెట్టి మట్టిలోనే కూలబడింది. ఏడవలేదు గాని రెండు చేతులూ ఆపకుండా కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. నేను ఇంట్లోకి వెళ్లాను. మిషన్ సొరుగులో అడుగున రాళ్ల సీసా ఉంది. అప్పుడు వచ్చినవాళ్లందరికీ గలగలలాడించి చూపినదాన్ని, క్యాన్సర్ అని తెలిశాక ఎవరికీ చూపలేదు. ఏళ్ల తరబడి ఈ రాళ్లు రాపాడటం వల్లే వచ్చి ఉండొచ్చని డాక్టరమ్మ అన్నప్పటి నుంచి దాన్ని చూస్తే కడుపు మండేది. పారేయడానికీ మనసొప్పేది కాదు. అవీ నా ఒంట్లోంచి వచ్చినవే.

తెచ్చి మా అత్త చేతిలో పెట్టాను. "పోయిన ఏడు నుంచి నువ్వు అడుగుతున్నది నా తాన్నే ఉండె. ఇగో, వెట్టు."

ఆమె సీసాను ఒకసారి ఊపి చూసింది. మూత తీసి, రాళ్లను అరచేతిలోకి ఒంపుకుని, గుంతలో జారవిడిచింది. వట్టి సీసా నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసే మట్టి తోశాం. ఈసారి వంగొద్దని ఆమె అనలేదు. బండను మాత్రం తానే దొర్లించి పైన పెట్టింది. ఆ బండ మీద అరచేయి ఆనించి, పొరుగింటి వాళ్లతో వాటాల పంచాయితీ తెంపుతున్నంత గట్టిగా భూమితో అంది.

"ఇగో, నీ వాటా నీకు ముట్టింది. మిగిలిన పిల్ల మాది. మల్ల అడుగకు."